చాంబర్ తొలిపిస్తే .30-06 మాగ్నమ్ అవుతుందా?

కడప జిల్లాలో లైసెన్సు తుపాకులున్నవారి మధ్య ఒక సందేశం తిరుగుతోంది. పాత .30-06 తూటా రైఫిల్ చాంబరును, అంటే తూటా కూర్చునే గదిని, కాస్త తొలిపించి ‘ఇంప్రూవ్డ్’ తూటాకు మార్చుకుంటే అది మందు ఎక్కువ పట్టి వేగంగా పోయే మాగ్నమ్‌కు సమానమవుతుందనీ, పాత తూటాలు అందులో యథావిధిగా పేలతాయనీ, లేత్ పనివాడు ఒక్క పూటలో చేసిస్తాడనీ, లైసెన్సుతో పనిలేదనీ దాని సారాంశం.

మొదట వేగం సంగతి. ఈ పద్ధతికి పేరు తెచ్చిన అమెరికా గన్‌స్మిత్ పి.ఓ. ఆక్లీ చేసిందల్లా కేసు (తూటాలో మందు నింపే ఇత్తడి గొట్టం) పక్కల వాలు తగ్గించి, .30-06లో 17.5 డిగ్రీలున్న భుజాన్ని, అంటే మూతి దగ్గర కేసు సన్నబడే ఏటవాలును, 40 డిగ్రీలకు నిలబెట్టడమే. దానివల్ల మందు పట్టే చోటు కొద్దిగా పెరుగుతుంది. కానీ పీడనం మారనప్పుడు, చోటు నాలుగు శాతం పెరిగితే వేగం సుమారు ఒక్క శాతమే పెరుగుతుందన్నది తూటాలు కట్టుకునేవారు వాడే లెక్క. ఆరు శాతం పెరిగిందనుకున్నా, సెకనుకు 2,700 అడుగుల వేగంతో పోయే 180 గ్రెయిన్ల బరువున్న బుల్లెట్టుకు అదనంగా దక్కేది నలభై అడుగులు. అంతకు మించి చూపేవారు చాలాసార్లు పీడనం పెంచి చూపుతున్నారు. ఆ ఘనత చాంబరుది కాదు. (పక్కలు బాగా వాలిన .250 శావేజ్ వంటి కేసుల్లో లాభం ఇంతకంటే మెరుగే. అయితే అవి మన జిల్లాలో ఎందరి దగ్గరున్నాయి?) వేరుశనగ చేనులో అడవిపందుల కోసమేనంటారా, వాటిని కాల్చడానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ముందు అనుమతి కావాలి, అది దొరికినా, కాపు కాసేవాడు కాల్చే దూరంలో ఆ నలభై అడుగులు లెక్కలోకే రావు.

పాత తూటాలు పేలతాయన్నది సగం నిజం. పేలినప్పుడు కేసు కొత్త చాంబరు ఆకారానికి సాగుతుంది, ఆ మేరకు వేగం ఎంతో కొంత తగ్గుతుంది. లాభమంతా అదే కేసులో మళ్లీ మందు కట్టుకున్నప్పుడే. లైసెన్సులో రాసిన పరిమితికి లోబడి ఫ్యాక్టరీ తూటాలు కొనుక్కునేవాడు డబ్బిచ్చి మరీ తన రైఫిల్‌ను నెమ్మది చేయించుకున్నట్టే.

అన్నిటికంటే ప్రమాదకరమైనది లేత్ మాట. బారెల్ విప్పి, కొద్దిగా వెనక్కి జరిపి బిగించి, హెడ్‌స్పేస్‌ను, అంటే చాంబరును వెనక నుంచి మూసే బోల్టు ముఖానికీ తూటా భుజం ఆనే చోటుకూ మధ్య దూరాన్ని, దాన్ని సరిచూసే మామూలు గేజీ కంటే అంగుళంలో నాలుగు వేయోవంతులు తక్కువగా నిలిపితేనే పాత తూటా అందులో బిగువుగా కూర్చుంటుంది. అలా చేయకుండా ఉన్న చాంబరులోనే దాన్ని తొలిచే రీమర్ తిప్పితే తూటా వదులుగా కూర్చుంటుంది, పేలినప్పుడు కేసు అడుగున చీలి, మండే వాయువు కాల్చినవాడి ముఖం వైపుకే రావచ్చు. బోరు మోటారు షాఫ్టులు తిప్పే లేత్ మీద, గేజీలు లేకుండా, ఆ కొలత కుదరదు.

ఇక లైసెన్సు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ తుపాకిని మార్చడాన్నీ, మరమ్మతు చేయడాన్నీ కూడా లైసెన్సు లేనివారికి నిషేధించింది. కనుక ఆ లేత్ పనివాడికి ఇచ్చే రైఫిల్‌తో పాటు కేసు కూడా ఇచ్చినట్టే, అది ఇత్తడిది కాదు.