గర్భాశయం ఒంటరిగా రాలేకపోవడం వల్ల కలిగే చిక్కులు

ప్రసూతి, స్త్రీ వ్యాధుల నిపుణుల ప్రవర్తన మీద రోగులు చెప్పుకునే ఫిర్యాదులను నేను చాలాకాలంగా ఓపిగ్గా వింటున్నాను. మొహంకేసి చూడలేదని ఒకరు, నోరు తెరవనివ్వలేదని ఒకరు, నొప్పి అంటే నవ్వి ఊరుకున్నారని ఇంకొకరు, ఏం చేయబోతున్నారో చెప్పకుండానే చేసేశారని మరొకరు. అందరి మాటా విని, ఎవరికీ కొమ్ము కాయకుండా ఆలోచించిన మీదట నాకు తేలిందేమిటంటే, తప్పు వైద్యులది కాదు, ప్రకృతిది. పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళిన మనిషి నోరు తెరుచుకునే ఉంటాడు కాబట్టి మాట్లాడలేడు. స్త్రీ వ్యాధుల నిపుణులకు ఆ సౌకర్యం లేదు. పరీక్షకు కావలసింది గర్భాశయం ఒక్కటే అయినా, దాన్ని విడిగా సంచిలో పెట్టి పంపే ఏర్పాటు ప్రకృతి చేయలేదు. అందువల్ల అది వచ్చిన ప్రతిసారీ దాని వెంట ఒక మనిషి కూడా వస్తుంది. ఆ మనిషికి ఒక పేరుంటుంది, కొంత భయం ఉంటుంది, వీటికి తోడు చీటీ మీద రాసుకొచ్చిన నాలుగు ప్రశ్నలు కూడా ఉంటాయి. పొద్దున లేచింది మొదలు ఇంతటి ఇబ్బందిని భరిస్తున్న వైద్యులను, పైపెచ్చు మర్యాదగా కూడా ఉండమనడం ఎంతవరకు న్యాయమో పాఠకులే ఆలోచించాలి.

ముందుగా వినడం సంగతి. 1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు పరిశోధకులు డాక్టర్లతో రోగులు మాట్లాడిన 74 సందర్భాలను రికార్డు చేసి పరిశీలిస్తే, రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టాక సగటున 18 సెకన్లకు డాక్టరు మధ్యలో అందుకుంటున్నారని తేలింది. 2018లో వెలువడిన ఇలాంటిదే మరో అధ్యయనంలో, డాక్టరు అడ్డుపడిన సందర్భాల్లో ఆ వ్యవధి మధ్యగతంగా 11 సెకన్లే ఉంది. మూడున్నర దశాబ్దాల్లో ఏడు సెకన్లు మిగల్చడం మామూలు విజయం కాదు. ఈ అధ్యయనాలు ప్రత్యేకంగా స్త్రీ వ్యాధుల నిపుణుల మీద చేసినవి కావని నాకు తెలుసు. వారి కృషిని విడిగా గుర్తించకపోవడం పట్ల నా విచారాన్ని ఇక్కడే నమోదు చేస్తున్నాను. 11 సెకన్లలో ఏం చెప్పవచ్చో గడియారం పెట్టుకుని చూశాను. "నమస్కారం డాక్టర్ గారూ, నాకు ఆరు నెలలుగా నెలసరి వచ్చినప్పుడల్లా నడుం దగ్గర మొదలై కాళ్ళదాకా పాకే నొప్పి, మొదట్లో రెండు రోజులే ఉండేది, ఇప్పుడైతే" అనేదాకా వచ్చింది. అసలు జబ్బు ఆ "ఇప్పుడైతే" తర్వాత ఉంది. అది ఎలా వచ్చిందో అలాగే ఆమెతో పాటు ఇంటికి తిరిగి వెళ్తుంది.

ఆ నొప్పి ఎండోమెట్రియోసిస్ అయ్యుండవచ్చు. గర్భాశయం లోపలి పొరను పోలిన కణజాలం గర్భాశయం వెలుపల పెరిగే ఈ జబ్బు, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం, బిడ్డలను కనే వయసులో ఉన్న స్త్రీలలో దాదాపు 10 శాతం మందికి, అంటే సుమారు 19 కోట్ల మందికి ఉంది. బాధ మొదలైన నాటి నుంచి జబ్బు పేరు బయటపడే దాకా ఏడెనిమిదేళ్ళు గడిచిపోవడం చాలా దేశాల్లో మామూలే. ఇన్నేళ్ళూ వైద్యం అందలేదని ఎవరూ అపోహపడకూడదు. "ఆడవాళ్ళన్నాక ఆ మాత్రం నొప్పి ఉంటుంది" అనే మందు, "ఒక బిడ్డ పుడితే అదే సర్దుకుంటుంది" అనే మందు, "నువ్వు మరీ ఎక్కువ ఆలోచిస్తున్నావు" అనే మందు క్రమం తప్పకుండా అందుతూనే ఉంటాయి. వీటికి దుష్ఫలితాలేమీ లేవు, ఆ ఏడెనిమిదేళ్ళు తప్ప.

మాట దురుసుగా ఉంటుందన్నది మరో ఫిర్యాదు. ఈ విషయంలో వైద్యులను తప్పుపట్టడం తగదు, ఎందుకంటే ఆ భాష వారికి పుస్తకాల్లోంచే వచ్చింది. నెలలు నిండకముందే, నొప్పులైనా రాకుండా తెరుచుకునే గర్భాశయ ముఖద్వారానికి పాఠ్యపుస్తకాలు పెట్టిన పేరు ఇన్‌కాంపిటెంట్ సర్విక్స్, అంటే చేతకానిది. బిడ్డను పోగొట్టుకుని పడుకున్న మనిషి పాదాల దగ్గర నిలబడి, కేస్ షీటు తిరగేస్తూ, "ఈమెది ఇన్‌కాంపిటెంట్" అని జూనియర్లకు చెప్పే హక్కును ఆ పేరే ప్రసాదించింది. వరసగా మూడు గర్భాలు పోతే దానికి హాబిచువల్ అబార్షన్ అని పేరు, అదేదో ఆమెకు పట్టిన అలవాటైనట్టు, కాస్త గట్టిగా అనుకుంటే మానుకోగలిగినట్టు. 35 దాటాక తొలిసారి గర్భం దాలిస్తే ఎల్డర్లీ ప్రైమిగ్రావిడా. మరే కొలువులోనైనా 35 ఏళ్ళ మనిషికి ఇంకా అనుభవం చాలదంటారు, ఇక్కడ మాత్రం వృద్ధుల కింద జమకడతారు. నొప్పులు నెమ్మదిగా సాగితే ఫెయిల్యూర్ టు ప్రోగ్రెస్, అంటే పురోగతిలో వైఫల్యం. పరీక్ష తప్పిన పిల్లలకైనా మళ్ళీ రాసుకోమని ధైర్యం చెబుతారు.

ఈ వైఫల్యాన్ని దేంతో కొలుస్తారని అడగవచ్చు. 1955లో ఫ్రీడ్‌మన్ అనే అమెరికన్ వైద్యుడు తొలి కాన్పు స్త్రీలు 500 మంది వివరాలతో ఒక గీత గీశాడు. అక్కడి నుంచి మొదలై, ముఖద్వారం గంటకు ఒక సెంటీమీటరు చొప్పున తెరుచుకోవాలన్న లెక్క కాన్పు గదుల్లో స్థిరపడిపోయింది. కొందరు స్త్రీల విషయంలో ఈ లెక్క మరీ తొందరదనీ, తల్లీబిడ్డా బాగున్నప్పుడు కేవలం దాన్ని పట్టుకుని కాన్పును పరుగెత్తించవద్దనీ 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. లెక్క మారింది గానీ, గడియారం చూసుకుంటూ "ఇంకా నాలుగేనా?" అనే గొంతు మారలేదు.

ఈమధ్య కొన్ని పేర్లు సవరించారని చెప్పకపోతే నాకు పక్షపాతం అంటగడతారు. ఇన్‌కాంపిటెంట్ అన్నదాన్ని ఇప్పుడు ఇన్‌సఫిషియెన్సీ అంటున్నారు. చేతకానిది కాస్తా చాలనిది అయింది. దీన్ని పదోన్నతి అనాలో బదిలీ అనాలో నేనింకా తేల్చుకోలేదు. ఇంత పదసంపద ఉన్న శాస్త్రంలో, డాక్టరు చెవికి రోగి మాట ఎక్కకపోవడమనే జబ్బుకు మాత్రం ఒక్క పేరూ దొరకలేదు.

నొప్పి దగ్గరికి వచ్చేసరికి ఈ భాష మరీ పొదుపుగా మారుతుంది. "కాస్త ఒత్తిడిగా ఉంటుంది" అంటే కేక వేయవద్దని అర్థం. "అయిపోయింది, అయిపోయింది" అంటే ఇప్పుడే మొదలైందని అర్థం. గర్భం రాకుండా లోపల సాధనాన్ని అమర్చేటప్పుడు, ముఖద్వారం కదలకుండా టెనాక్యులమ్ అనే వాడికొనల పట్టుకారుతో దాన్ని పట్టి ఉంచడం వాడుక. అలా పట్టినప్పుడు ఉలిక్కిపడిన మనిషితో "కదలకమ్మా, ఇంతదానికేనా" అంటారు. కొందరికి అది అంత చిన్నదేమీ కాదని గుర్తించి, నొప్పి గురించి ముందే చెప్పాలనీ, దాన్ని తగ్గించే మార్గాలేమున్నాయో మాట్లాడాలనీ, లిడోకెయిన్ వంటి మత్తుమందు ఉపయోగపడవచ్చనీ అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలు 2024 మార్గదర్శకాల్లో రాశాయి. ఆ సాధనాలు విరివిగా వాడుకలోకి వచ్చింది 1960లలో. పెద్దలు ఏదీ తొందరపడి నిర్ణయించరు.

వైద్యం తెలియని రోగుల మాటకు విలువేమిటని అడిగేవారికి వియన్నా జనరల్ ఆస్పత్రి సంగతి చెప్పాలి. 1840లలో అక్కడ రెండు ప్రసూతి విభాగాలు ఉండేవి. ఒకదాంట్లో డాక్టర్లూ వైద్య విద్యార్థులూ, రెండోదాంట్లో మంత్రసానులూ కాన్పులు చేసేవారు. మొదటిదాంట్లో బాలింతలు సూతికా జ్వరంతో ఎక్కువగా చనిపోతున్నారన్న సంగతి ఆ నగరంలో ఆడవాళ్ళందరికీ తెలుసు. తమను రెండోదాంట్లో చేర్చుకోమని మోకాళ్ళ మీద పడి బతిమాలేవారు. మొదటిదాంట్లో పడేకంటే దారిలోనే ప్రసవించడం మేలనుకున్నవారూ ఉన్నారు. గాలి బాగాలేదని, భయంతోనే జ్వరం వస్తోందని పెద్దలు రకరకాల కారణాలు వెతికారు. 1847లో ఆ ఆస్పత్రి వైద్యుడు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్, శవపరీక్ష గదిలోంచి నేరుగా కాన్పు గదికి వస్తున్న చేతులే కారణమని గ్రహించి, క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్ళతో వాటిని కడిగించాడు. ఏప్రిల్‌లో 18 శాతం దాటిన మరణాలు జూన్ నాటికి 2 శాతం దగ్గరికి పడిపోయాయి. తోటి వైద్యులు చాలామంది దీనికి నొచ్చుకున్నారు. పెద్దమనుషుల చేతుల్ని మురికి చేతులనడం మర్యాద కాదు కదా. సెమ్మెల్‌వైస్ కూడా మెత్తని మనిషేమీ కాదు, వినని ప్రొఫెసర్లను బహిరంగ లేఖల్లో హంతకులని తిట్టిపోశాడు. అయితే ఆయన దురుసుతనం రోగుల మీద కాకుండా పైవాళ్ళ మీద ఖర్చయింది. ఆ సంప్రదాయాన్ని ఆ తర్వాత ఎవరూ పెద్దగా కొనసాగించలేదు.

ఇబ్బంది పెట్టని రోగి ఎలా ఉంటుందో వైద్యవిద్య ఎప్పుడో కనిపెట్టింది. ఆమె మత్తులో ఉంటుంది. వేరే ఆపరేషన్ కోసం మత్తిచ్చి పడుకోబెట్టిన స్త్రీకి, ఆమెకు చెప్పకుండానే, విద్యార్థుల చేత అభ్యాసం కోసం కటి పరీక్ష, అంటే యోనిలోంచి లోపలి అవయవాలను తడిమి చూసే పరీక్ష, చేయించడం అమెరికాలో అనేక బోధనాసుపత్రుల్లో ఏళ్ళ తరబడి సాగింది. ఇలాంటి పరీక్షకు ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకుని తీరాలని అక్కడి ఆరోగ్య శాఖ 2024 ఏప్రిల్‌లో ఆస్పత్రులకు స్పష్టం చేయాల్సివచ్చింది. మనిషి అడ్డు లేకుండా గర్భాశయం ఒక్కటే బల్ల మీదికి రావడమనే కల దాదాపు నెరవేరిన చోట, మళ్ళీ ఆ మనిషిని నిద్రలేపి అడగమన్నారు. నా సిద్ధాంతానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఈ వృత్తిలో ద్రోహులు కూడా ఉన్నారని ఒప్పుకోక తప్పదు. స్టూలు లాక్కుని రోగి మొహానికి ఎదురుగా కూర్చునేవారు, లోపల చూడటానికి పెట్టే స్పెక్యులమ్‌ను గోరువెచ్చని నీళ్ళలో తడిపి గాని వాడనివారు, "ఇప్పుడు నా చెయ్యి తగులుతుంది, ఆపమంటే ఆపేస్తాను" అని ముందే చెప్పేవారు, చెప్పినట్టే ఆపేవారు. వారికీ బయట అంతే వరస ఉంటుంది, వారూ రాత్రి రెండింటికి కాన్పు చేసి పొద్దున్నే ఓపీకి వచ్చినవారే. అయినా అదనంగా ఓ నిమిషం ఖర్చు పెట్టి, ఒకసారి వెళ్ళొచ్చిన రోగులకు లేనిపోని అలవాట్లు చేస్తారు. ఆ రోగులు మరో డాక్టరు దగ్గర కూడా అదే ఆశించి భంగపడతారు. పరిశ్రమకు వీరివల్ల జరుగుతున్న నష్టాన్ని ఎవరూ లెక్కకట్టడం లేదు.

నాకు బాగా తెలిసినావిడ ఒకామె ఉంది. ఎవరో చెప్పను గానీ, నా చెప్పులే వేసుకు తిరుగుతుంది. గర్భాశయంలో ఫైబ్రాయిడ్ అనే గడ్డ ఉందని తెలిసి, పేరున్న ఒక నిపుణురాలి దగ్గరికి వెళ్ళింది. చేతిలో చీటీ. అందులో నాలుగు ప్రశ్నలు: ఆపరేషన్ తప్పదా, మందులతో కొన్నాళ్ళు చూడవచ్చా, తప్పకపోతే గడ్డ ఒక్కటే తీస్తారా లేక గర్భాశయం మొత్తమా, మళ్ళీ పనిలోకి వెళ్ళడానికి ఎన్నాళ్ళు పడుతుంది. వెనక ముడి తెగిన గౌనును ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో చీటీ పట్టుకుని, బల్ల మీద ఆమె చాలాసేపు ఎదురుచూసింది. డాక్టర్ గారు ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని లోపలికి వచ్చారు. "కిందికి జరుగు. ఇంకా. ఇంకా." జరిగింది. "వదులుగా ఉండాలి, ఇంత బిగిస్తే ఎలా?" వదులయింది, కనీసం అయినట్టు నటించింది. ఆమె మోకాళ్ళ మీదుగా డాక్టర్ గారు నర్సును ఆదివారం డ్యూటీ ఎవరిదని అడిగారు. నర్సుకు తెలియలేదు. దాని మీద కాస్త చర్చ జరిగింది. తర్వాత గ్లవుజులు టప్పుమని ఊడి బుట్టలో పడ్డాయి.

"తీసేద్దాం."

ఏది అని ఆమె అడిగేలోపే, "పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకది?" అన్నారు. గర్భాశయాన్ని మనిషి నుంచి విడదీసే అవకాశం ఇన్నాళ్ళకు దొరికిందన్న ఉత్సాహం ఆ గొంతులో ఉండి ఉంటుందని నా ఊహ. ఆమె చీటీ విప్పింది. చెమటకు మొదటి ప్రశ్న అలుక్కుపోయి ఉంది. రెండో ప్రశ్న సగం చదివేసరికి చీటీ మీద ఒక అంగీకార పత్రం వచ్చి పడింది, దానితో పాటు ఒక పెన్నూ వచ్చింది. "నా జబ్బు గురించీ, దానికున్న ఇతర చికిత్సల గురించీ నాకు అర్థమయ్యే భాషలో వివరించారు. నా సందేహాలన్నీ తీర్చారు" అని అందులో అచ్చేసి ఉంది. ఆమె పెన్ను మూత తీసి ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకుంది. డాక్టర్ గారు అప్పటికే తలుపు దాకా వెళ్ళారు. గడియ మీద చెయ్యి వేసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, వెనక్కి తిరిగి, ఆ రోజు మొదటిసారి ఆమె కళ్ళలోకి సూటిగా చూశారు. ఆమె చీటీని గబగబా పైకి తీసింది.

"ఆ పెన్ను నాదమ్మా," అన్నారు డాక్టర్ గారు.