సవరణ: బట్టల కోటాలు, బంగ్లాదేశ్

ప్రపంచీకరణలో గెలిచిన దేశాలు, ఓడిన దేశాలు అంటూ మొన్న రాసినదాంట్లో తప్పు దొర్లింది. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ రాగానే బట్టల ఎగుమతులపై కోటాలు (ఒక్కో దేశం నుంచి ఇంత సరుకే కొంటామంటూ సంపన్న దేశాలు పెట్టిన పరిమితులు) ఎత్తేశారనీ, బంగ్లాదేశ్ దాంతోనే పైకొచ్చిందనీ అన్నాను. నిజానికి వాటిని పదేళ్లపాటు విడతలవారీగా తీసేశారు. పూర్తిగా పోయింది 2005 జనవరి 1న.

పైగా అక్కడి గార్మెంట్ పరిశ్రమ వేళ్లూనుకున్నదే ఆ కోటాల పుణ్యమా అని! దక్షిణ కొరియా సరుకుకు కోటా బిగుసుకోవడంతో, అక్కడి దేవూ కంపెనీ అప్పటికి ఆ బిగింపు లేని బంగ్లాదేశ్‌లోని దేశ్ గార్మెంట్స్ అనే సంస్థతో చేతులు కలిపి, 1979లో ఆ సంస్థ ఉద్యోగులను వందమందికి పైగా కొరియా తీసుకెళ్లి పని నేర్పింది. వాళ్లలో చాలామంది తర్వాత సొంత ఫ్యాక్టరీలు పెట్టుకున్నారు. ఇది వదిలేయడం తేదీ కన్నా పెద్ద పొరపాటు.

కోటాలు పోతే చైనా ముందు బంగ్లాదేశ్ నిలవదన్నారు, నిలిచింది. ఆఫ్రికాలోని చిన్న దేశం లెసోతోలో మాత్రం ఆ దెబ్బకు ఫ్యాక్టరీలు మూతపడ్డాయి.