మీ ప్రళయం నాలుగు నెలలు ఆలస్యమైంది

గౌరవనీయులైన మెట్రో ఎక్సోడస్ గారికి,

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని ఒక కొబ్బరితోట గట్టు మీద కూర్చుని, నమస్కారాలతో రాసుకుంటున్న విన్నపం.

తమరు కంప్యూటరులో ఆడే తుపాకీ వీడియోగేమ్‌గా 2019 ఫిబ్రవరి 15న విడుదలయ్యారు. లోకం అంతమయ్యాక మిగిలినవారు ఎలా బతుకుతారో చూపించడం తమ వృత్తి. అంతవరకు బాగానే ఉంది గాని, మా ప్రాంతం వరకు తమరు నాలుగు నెలలు ఆలస్యంగా దయచేశారు. 2018 అక్టోబరు 11న, ఇంకా తెల్లవారకముందే, తిత్లీ తుపాను గంటకు 140, 150 కిలోమీటర్ల గాలితో పలాస దగ్గర తీరం దాటి, మా లోకాన్ని ఒకసారి ముగించి వెళ్లిపోయింది. తిత్లీ అంటే సీతాకోకచిలుక అట. ఆ పేరు పెట్టినవారిని మా తోటల్లోకి ఒకసారి తీసుకువెళ్లాలని నాకు చాలాకాలం కోరికగా ఉండేది. ప్రళయం విషయంలో ఈపాటి అనుభవం ఉన్నందువల్ల, తమ గుణదోషాలను విచారించే అర్హత నాకు కొంత ఉందని భావించి ఈ లేఖకు పూనుకున్నాను.

తమతో నా పరిచయం 2020 లాక్‌డౌన్ కాలంలో జరిగింది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు తన బరువైన లాప్‌టాప్‌తో సహా ఊరికి చేరి, పగలు ఆఫీసు పని, రాత్రి తమ సేవ మొదలుపెట్టాడు. తమరు దాదాపు 60 జీబీ ఉంటారు. మా ఫోన్లకు వచ్చే డేటా రోజుకు 1.5 జీబీ. అంటే తమరిని ఇంటికి ఆవాహన చేసుకోవడానికి 40 రోజులు, అయ్యప్ప దీక్షకు ఒక్కరోజు తక్కువ. ఈ లెక్క ముందే తెలిసినవాడు గనుక మావాడు తమరిని హైదరాబాదులోనే డౌన్‌లోడ్ చేసుకుని వెంట తెచ్చాడు. విడుదలకు మూడు వారాలైనా లేదనగా తమరు ఒక ఆన్‌లైన్ దుకాణాన్ని విడిచి ఏడాదిపాటు మరొక దుకాణానికే పరిమితమై, పెళ్లికి ముందు కల్యాణమండపం మార్చినవారిలా అందరి చేతా తిట్లు తిన్నారని కూడా వాడే చెప్పాడు. ఆలస్యంగా వచ్చిన బంధువులం గనుక ఆ గొడవ మాకు పట్టలేదు.

ముందుగా తమ గొప్పలు చెప్పడం మర్యాద. ఇతర తుపాకీ ఆటల్లో ప్రాణం ఎంత మిగిలిందో తెర మూలన ఒక గీత చెబుతుంది, ఎటు వెళ్లాలో ఒక బాణం గుర్తు చూపిస్తుంది. తమ దగ్గర ఆ భోగాలు తక్కువ. దారి తెలియాలంటే అట్టకు బిగించిన కాగితం పటాన్ని చేతిలోకి తీసుకుని చూడాలి, చీకటైతే లైటరు వెలిగించుకుని చూడాలి. ముసుగు అద్దం మీద బురద పడితే చేత్తో తుడుచుకోవాలి, అద్దం పగిలితే అతుకు వేసుకోవాలి. తుపాకీని మట్టిలో వాడి శుభ్రం చేయకపోతే, సరిగ్గా ఎలుగుబంటి ఎదురొచ్చినప్పుడే అది మొరాయిస్తుంది. టిఖార్ అనే గాలి తుపాకీకైతే సైకిలు ట్యూబుకు కొట్టినట్టు గాలి కొట్టి ఇనుప గుళ్లు పేల్చాలి. టార్చి మసకబారితే, అరచేతిలో ఇమిడే చిన్న యంత్రాన్ని పదేపదే నొక్కి చార్జింగు ఎక్కించాలి.

ఆ నొక్కుడు యంత్రాన్ని చూసినప్పుడే నేను తమకు సగం లొంగిపోయాను. తిత్లీ తరవాత పదిరోజులు దాటినా మా వీధికి కరెంటు రాలేదు. ఊరి మొదట్లో ఒకాయన జనరేటరు పెట్టి, దాని చుట్టూ ఎక్స్‌టెన్షన్ బోర్డులు పరిస్తే, ఊరి ఫోనులన్నీ పాలు తాగే కుక్కపిల్లల్లా వాటికి వేలాడాయి. చార్జింగు ఎక్కినా సిగ్నలు లేదు. దానికోసం కూలిన చెట్లు దాటుకుంటూ వెళ్లి, ఎవరిదో డాబా ఎక్కి, చెయ్యి పైకెత్తి నిలబడాలి. తమ కథానాయకుడు ఆర్త్యోమ్ కూడా, మామగారు కసురుకుంటున్నా వినకుండా, సొరంగంలోంచి మాస్కో శిథిలాల మీదికి ఎక్కి, బయట ఎవరైనా బతికి ఉన్నారా అని రేడియోలో వెతుకుతుంటాడు. ఆ ఘట్టం రాసినవారు ఎప్పుడో ఒకసారి సిగ్నలు కోసం డాబా ఎక్కే ఉంటారని నాకు గట్టి అనుమానం.

మాస్కో వదిలి, అరోరా అనే ఆవిరి రైల్లో కొత్త ఊరు వెతుక్కుంటూ బయలుదేరిన ఆర్త్యోమ్ బృందానికి వోల్గా నదీతీరంలో తమరు ఒక భక్తసమాజాన్ని చూపించారు. వారు ఒక పెద్ద చేపను కొలుస్తారు, కరెంటును పాపంగా భావిస్తారు. మా మేనల్లుడు వారిని చూసి నవ్వాడు గాని నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే 2018 దసరా నవరాత్రులలో మా ఊరంతా, కులభేదం లేకుండా, ఆ మతాన్నే నిష్ఠగా ఆచరించింది.

ఇక తమ లోపాలు. తమ ఆర్త్యోమ్‌కు నోరు లేదు. తోటివారు అతడి ఎదుట కూర్చుని కష్టసుఖాలు వెళ్లబోసుకుంటారు, తరచు ముగ్గురు ఒకేసారి రచ్చబండ మీద మాట్లాడినట్టు మాట్లాడతారు. అన్నా అనే అతడి భార్య భుజం మీద తల వాల్చి రేపటి సంగతి అడుగుతుంది. ఇతడు మాత్రం ఊఁ అనడు. ఆశ్చర్యమేమిటంటే, లోడింగ్ తెర వచ్చి, వినేందుకు ఎదుట ఎవరూ లేనప్పుడు, డైరీ చదువుతున్నట్టు అనర్గళంగా మాట్లాడతాడు. ఆ లోడింగ్ కూడా సామాన్యమైనది కాదు, అది ముగిసేసరికి మా అమ్మ చుట్ట సగం కాలేది. ఒకరాత్రి ఆవిడ మా వెనక కూర్చుని చూస్తూ, "ఏట్రా ఆడు, పెళ్లాం అంతలాగ అడుగుతుంటే పలకడేటి? మూగోడా, పొగరుబోతా?" అంది. లోడింగ్ అప్పుడు మాట్లాడతాడని చెప్పాను. "మీ నాన్నా అంతే, ఎవులూ లేనప్పుడే మాటాడీవోడు" అని చుట్ట ఆర్పేసి లేచి వెళ్లిపోయింది. తమ కథానాయకుడి గురించి ఇంతకన్నా సూటైన సమీక్ష నేను చదవలేదు.

తమ శత్రువుల చెవుల గురించి కూడా ఒక మాట. ఒక కాపలావాడిని వెనకనుంచి పట్టి కింద పడేస్తే, రెండు బారల దూరంలో చలి కాచుకుంటున్న వాడు తల తిప్పడు. మా తోటలో అర్ధరాత్రి ఒక కాయ రాలితే నాలుగు తోటల అవతల కుక్క మొరుగుతుంది. కాపలాకు మనుషుల బదులు ఉద్దానం కుక్కల్ని పెట్టుకుని ఉంటే తమ ఆట వోల్గా దాటేది కాదు.

అయితే నా అసలు ఫిర్యాదు వేరు. తమ ప్రళయంలో దరఖాస్తు ఫారాలు లేవు. ఇంత పెద్ద లోపాన్ని ఏ సమీక్షకుడూ ఎత్తిచూపకపోవడం నాకు వింతగా ఉంది. తమ లెక్కలో లోకంలో మిగిలిన సరుకులు రెండే: ఇనుప సామాను, రసాయనాలు. శూన్యమైన ఇళ్లల్లో సొరుగులు వెతికి ఆ రెండూ పోగుచేసుకుంటే టిఖార్ గుళ్లు, ముసుగు ఫిల్టర్లు, మందు పెట్టెలు వీపు సంచిలోనే తయారైపోతాయి. ఎవరికీ అర్జీ పెట్టనక్కర లేదు. మాకు అలా జరగలేదు. కూలిన చెట్లను లెక్కపెట్టడానికి మనుషులు వస్తారని తెలిసి, ఎండిన మట్టలను నరకకుండా అలాగే వదిలి రోజులు కాపలా కాశాం, నరికితే లెక్కకు రావేమోనని భయం. చెట్టు మొదలు మా గట్టులో ఉండి తల పక్కవారి గట్టులో పడితే ఆ చెట్టు ఎవరి ఖాతాలో రాయాలనే విషయం మీద, తుపానులో ఒకే గదిలో తలదాచుకున్న అన్నదమ్ములు మాటలు మానేశారు. పరిహారానికి ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం జిరాక్సులు కావాలన్నారు. జిరాక్సుకు కరెంటు కావాలి. కరెంటుకు స్తంభాలు లేవాలి. స్తంభాల మీద మా చెట్లు పడి ఉన్నాయి. లెక్క పూర్తికాకుండా చెట్లు తీయకూడదు. ఈ వలయాన్ని ఒక్క అంకంగా పెట్టి ఉంటే తమ ఆటను పూర్తిచేసినవారు ఉండేవారు కాదు.

ఫిల్టరు అనే మాట గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. విషగాలి ఉన్నచోట ఆర్త్యోమ్ ముసుగు తగిలించుకోగానే, ఫిల్టరు ఇంకా ఎన్ని నిమిషాలు పనిచేస్తుందో అతడి చేతి గడియారం మీద కనిపిస్తుంది. అంకె తగ్గేకొద్దీ ఊపిరి చప్పుడు పెరుగుతుంది. ఆట మొత్తంలో నన్ను నిజంగా భయపెట్టింది అదొక్కటే. మా ఉద్దానంలో చాలా ఇళ్లల్లో అలాంటి అంకె ఒకటి ఉంటుంది, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష అంకె, దాని పేరు క్రియాటినిన్. చదువు రానివారు కూడా ఆ ఇంగ్లీషు మాటను తప్పు లేకుండా పలుకుతారు. కిడ్నీలు పనిచేయడం మానేసినవారు వారానికి రెండుమూడు సార్లు డయాలసిస్‌కు వెళ్లి, సుమారు నాలుగు గంటలసేపు తమ రక్తం ఒక ఫిల్టరు గుండా వెళ్లి రావడం చూస్తూ పడుకుంటారు. షుగరు, బీపీ లేనివారికి సైతం ఈ జబ్బు ఎందుకు వస్తోందో పరిశోధకులు దశాబ్దాలుగా వెతుకుతున్నా, ఇదీ కారణమని ఖాయంగా తేలలేదు. 2023 డిసెంబరులో వంశధార నీటిని గొట్టాల ద్వారా ఊళ్లకు తెచ్చే పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. తమ లోకం 2013 నాటి అణుయుద్ధంలో నాశనమైందని కథ మొదట్లోనే చెప్పేశారు. కారణం తెలిసిన ప్రళయం రావడం కూడా ఒక అదృష్టమేనని తమకు తెలిసి ఉండదు.

తమ చివరి అంకం ఇక్కడ చెప్పక తప్పదు. ఆడనివారు ఈ పేరా వదిలేయవచ్చు. తమరు పాపపుణ్యాల లెక్కను ఎక్కడా పైకి చూపించరు. చిత్రగుప్తుడిలా మౌనంగా రాసుకుంటూ పోతారు. మొదటిసారి ఆడినప్పుడు నేను వోల్గా దగ్గర ఆ చేపభక్తుల్ని, చేతులెత్తినవారితో సహా, ఆబగా కాల్చేశాను. ఒక సహచరుడు చనిపోయాడు. ఎండిపోయిన కాస్పియన్ సముద్రంలో బానిసల్ని పట్టించుకోలేదు, మరొకడు రైలు దిగిపోయాడు. నోవోసిబిర్స్క్ నగరంలో రేడియేషన్ తగిలి ఆర్త్యోమ్ పడిపోయినప్పుడు, రక్తం ఇవ్వవలసిన మనుషులు తగ్గిపోయారు. అతడు చనిపోయాడు. గుళ్లు ఎన్ని ఉన్నా ఉపయోగం లేదని ఒక తుపాకీ ఆట ఇంత నిష్కర్షగా చెప్పడం నేను ఊహించలేదు. ఇది తమ గొప్పల్లో చేర్చవలసినది, వరుస తప్పి ఇక్కడ పడింది.

అరోరా రైలు మీద నాకు ఫిర్యాదు లేదు. 1900లో నౌపడా, పర్లాకిమిడి మధ్య మొదలైన చిన్న రైలు కబుర్లు వింటూ పెరిగినవాడిని గనుక, ఆవిరి ఇంజను కనిపిస్తే నా విమర్శ మెత్తబడుతుంది. పెట్టెలో కూర్చుని గిటారు వాయించడం, రేడియో తిప్పడం, స్టెపాన్, కాత్యాల పెళ్లికి గ్లాసులెత్తడం, వీటిలో ఒక్క గుండు పేలదు, అయినా ఆట మొత్తంలో నేను రెండోసారి చూడాలనుకున్నవి అవే. కాకపోతే తమరు ఈ ప్రయాణమంతా, కొత్త ఊరు వెతుక్కోవడంతో సహా, ఒక్క ఏడాదిలో తేల్చేశారు. తిత్లీ తరవాత నేను నాటిన కొబ్బరి మొక్కలు ఒక ఏడాదికి నా మోకాళ్లు దాటాయి. కాయ కళ్లజూడడానికి ఆరేడేళ్లు పట్టే పంట మాది. ఆ లెక్కన తమ కథ వేళ్లు పట్టకముందే ముగిసింది.

పాపపరిహారార్థం రెండోసారి మొదలుపెట్టాను. ఈసారి ఎవరినీ అనవసరంగా చంపలేదు. మొన్న సెలవులకు మేనల్లుడు వచ్చినప్పుడు నోవోసిబిర్స్క్ సొరంగాల దాకా చేరి, ఫిల్టరులో రెండు నిమిషాలు మిగిలి ఉండగా ఆట సేవ్ చేశాను. మర్నాడు వాడు లాప్‌టాప్ సర్దుకుని హైదరాబాదు బస్సెక్కాడు. మళ్లీ సంక్రాంతికి గాని రాడు. అమ్మ మాత్రం రెండురోజులకోసారి, తోటకు బయలుదేరుతూ గుమ్మంలో ఆగి అడుగుతోంది: "ఆ మూగోడికి గాలి డబ్బా మార్చినారా, లేదా?"

ఇట్లు,
తమ విధేయుడు,
ఉద్దానం కొబ్బరి రైతు