నీళ్లు ఎక్కడ నిలవాలి?

వాన దంచికొట్టిన ప్రతిసారీ ఇదే తంతు. రోడ్లు ఏరులవుతాయి, సెల్లార్లు నిండుతాయి, కాల్వల్లో పూడిక ఎందుకు తీయలేదని ఒకరినొకరు తిట్టుకుంటారు. పూడిక తీయాల్సిందే. అయితే తీసినా సరిపోని రోజులొచ్చాయి. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు. రోజంతా కురవాల్సిన వాన రెండు గంటల్లో కుమ్మరించేస్తుంది. భూమి కింది పైపులేమో వెనకటి వర్షపాతం లెక్కలు చూసి వేసినవి.

ఇంకా పెద్ద పైపులు వేద్దామంటారు. టోక్యో శివార్లలో 50 మీటర్ల లోతున 6.3 కిలోమీటర్ల సొరంగమే తవ్వారు. ఆ స్తోమత ఎన్ని నగరాలకుంది? ఎంత పెద్ద పైపుకైనా ఓ హద్దుంటుంది. అది దాటిన రోజు నీళ్లు ఎక్కడ నిలవాలో ముందే తేల్చుకోవడమే అసలు ప్రణాళిక అని మా అభిప్రాయం. నీరు పల్లమెరుగు. నగరం తేల్చకపోతే పల్లమే తేలుస్తుంది, ఆ పల్లంలో ఉండేవి ఎక్కువగా పేదల ఇళ్లే.

2011 జులై 2న డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో మూడు గంటలైనా గడవకముందే సుమారు 150 మిల్లీమీటర్ల వాన పడింది. మరుసటి ఏడాదే ఆ నగరం కుండపోత వానల కోసమే ఒక ప్రణాళిక రాసుకుంది: దాదాపు 300 పనులు, 20 ఏళ్ల గడువు. అందులో మాకు నచ్చింది ఒక చిన్న కొలత. నూరేళ్లకోసారి వచ్చే వానకైనా వీధిలో 10 సెంటీమీటర్లకు మించి నీళ్లు నిలవకూడదు. అంటే చీలమండల దాకా తడవడానికి ఒప్పుకున్నారు, ఇళ్లలోకి రావడానికి మాత్రం ఒప్పుకోలేదు. అందుకే పార్కులను పల్లంగా మలిచారు, కొన్ని వీధులను వాన రోజున కాల్వలుగా పనికొచ్చేలా తీర్చుతున్నారు. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో 2013లో తెరిచిన ఒక కూడలి మామూలు రోజుల్లో ఆటస్థలం, వానొస్తే చెరువు.

ఇవన్నీ ఉన్నా సరిపోని రోజు కూడా ఉంటుంది. నీటిని పీల్చుకునే 'స్పాంజ్ నగరం'గా మారుతున్న చైనాలోని ఝెంగ్‌జౌలో 2021 జులై 20న ఒక్క గంటలో 201.9 మిల్లీమీటర్లు కురిసింది. మెట్రో సొరంగంలో చిక్కుకుని 14 మంది చనిపోయారు. ఎంత వానకు రైళ్లు ఆపాలో, ఆపమని చెప్పే అధికారం ఎవరిదో కూడా ప్రణాళికలో రాసి ఉండాలి. ఆసుపత్రి జనరేటర్ సెల్లార్‌లో ఉంటే దాన్ని పైకి ఎక్కించాలి. పెద్ద ఖర్చూ కాదు, ఎవరూ పట్టించుకోని పని.

అన్నిటికంటే ముందు, ఏ వీధిలో ఎంత లోతు నీళ్లు నిలుస్తాయో చూపే మ్యాపును జనం ముందు పెట్టాలి. స్థలాల ధరలు పడిపోతాయని కొందరు గొడవ చేస్తారు. చేయనివ్వండి. ఇల్లు కొనేవాళ్లకు ఆ సంగతి అడ్వాన్సు ఇవ్వకముందే తెలియాలి.