మా తాతగారి నెయ్యి

'మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి' అన్న సామెత చెప్పుకుని మనం తరతరాలుగా నవ్వుకుంటున్నాం. అమెరికాలో నవ్వరు. అక్కడి పెద్ద యూనివర్సిటీలు కొన్ని మూతులు వాసన చూడ్డానికి జీతాలిచ్చి మరీ మనుషుల్ని పెట్టుకున్నాయి. ఆ పద్ధతి పేరు లెగసీ. అమ్మానాన్నలు చదివిన చోట పిల్లలకు సీటు దగ్గర కాస్త మొగ్గు.

హార్వర్డ్ మీద నడిచిన కేసులో లెక్కలు బయటపడ్డాయి. అక్కడ చదివినవాళ్ల పిల్లలు అప్లికేషన్ పెడితే ముగ్గురిలో ఒకరికి సీటు. మిగతా జనానికి నూటికి ఆరుగురికి. సీటొచ్చిన తెల్లపిల్లల్లో నూటికి 43 మంది పూర్వ విద్యార్థుల బిడ్డలో, ఆటగాళ్లో, ప్రొఫెసర్ల పిల్లలో, పెద్ద దాతల బంధువుల్లాంటివాళ్లతో డీన్‌గారు రాసుకున్న ప్రత్యేక జాబితాలోని వాళ్లో. నల్లజాతి పిల్లల్లో ఈ లెక్క 16 శాతం కూడా లేదు. పాపం, వాళ్ల తాతలు నెయ్యి తాగడానికి బద్ధకించారు.

అక్కడే వర్జీనియా రాష్ట్రంలో ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ అని, మన జిల్లా లాంటిది, ఒకటుంది. తెల్లపిల్లలకో బడి, నల్లపిల్లలకో బడి చెల్లదని 1954లో సుప్రీంకోర్టు అంది. ఇద్దర్నీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టడం కంటే బల్లే లేకపోవడం మేలని ఆ కౌంటీ పెద్దలు 1959లో సర్కారు బళ్లన్నిటికీ తాళాలేశారు. తెల్లపిల్లలకు ప్రైవేటు బడి పెట్టుకున్నారు. సర్కారు బళ్ల తాళాలు తీసింది 1964లో. ఆ అయిదేళ్లూ బడి లేక తిరిగిన పిల్లలు ఇప్పుడు తాతలు. 'మీ పెద్దలు ఎక్కడ చదివారు?' అన్న గడిలో వాళ్ల మనవలు తాళంకప్ప బొమ్మ వేయాలి కాబోలు.

2023 జూన్ 29న అదే సుప్రీంకోర్టు, యూనివర్సిటీలు సీట్లిచ్చేటప్పుడు జాతి చూసి ఎవరికీ మొగ్గు చూపకూడదని తీర్పిచ్చింది. మర్నాడు విశాఖ బీచ్ రోడ్డులో, కాళీమాత గుడి దగ్గర, మా వాకింగ్ బృందంలో పండగే. రిటైర్డు ఇంజనీరుగారు అందరికీ రాగిజావ ఇప్పించారు. "మెరిట్ గెలిచిందండీ!" జావ ఇంకా గొంతు దిగలేదు. "అన్నట్టు ఆ లెగసీ జోలికి పోలేదు కదా? మావాడు చదివిన చోటే మనవడికీ చూస్తున్నాం" అన్నారు. పోలేదని ధైర్యం చెప్పాను.

నేనూ స్వయంకృషితో పైకొచ్చినవాణ్ణే కనక ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. మా తాతగారు కరణం. ఆయన పొలం అమ్మి మా నాన్నగార్ని ఆంధ్రా యూనివర్సిటీలో చదివించారు. నాన్నగారు ఎంవీపీ కాలనీలో ఇల్లు కట్టి, నాకో గది, ఆ గదికో తలుపు ఇచ్చారు. రోజూ స్కూటర్ మీద ద్వారకానగర్ కోచింగుకి దింపేవారు, మళ్లీ ఎక్కించుకునేవారు. అంతే. పరీక్ష మాత్రం పూర్తిగా నేనే రాశాను.

మా అపార్టుమెంటు వాచ్‌మన్‌ది శ్రీకాకుళం వైపు. కూతురు ఇంటర్ చదువుతోంది. వాళ్ల గదిలో మంచం వేస్తే మనిషికి చోటుండదు. అందుకని ఆ పిల్ల లిఫ్టు పక్కన, మీటర్ల బోర్డు కింద, ట్యూబ్‌లైటు వెలుగులో చదువుకుంటుంది. లిఫ్టు వచ్చినప్పుడల్లా కాళ్లు ముడుచుకుంటుంది.

మొన్న రాత్రి వాచ్‌మన్ నన్ను ఆపాడు. "బాబూ, మా పాపకి ఏటి సదివిస్తే మంచిదంటారు?"

"మెరిట్ ఉంటే ఏదైనా ఒకటేనయ్యా" అన్నాను. మావాడి విషయంలో ఈ ముక్క చెప్పడానికి కన్సల్టెంటు ఆరు సిట్టింగులు తీసుకున్నాడు. నేను ఉచితంగానే చెప్పేశాను.

ఇంజనీరుగారూ అప్పుడే లిఫ్టు కోసం వచ్చారు. "వాళ్లకేమండీ, కోటా ఉందిగా!" అని నా చెవిలో అన్నారు. పిల్ల కాళ్లు ముడుచుకుంది. ఇద్దరం ఎక్కాం.

పదింటికి ఆ ట్యూబ్‌లైటు ఆపేస్తారు. కామన్ ఏరియా కరెంటు బిల్లు అందరికీ సమానంగా పడుతుంది మరి.