రాతిని దాచొద్దు

హైదరాబాద్ మెట్రో తొలిసారి నేల కిందికి దిగేది శంషాబాద్‌లోనే కావచ్చు. 2017 నవంబరులో మొదలైన తొలి దశ 69 కిలోమీటర్లూ స్తంభాల మీదే సాగింది. రెండో దశ ప్రతిపాదనల్లో నాగోలు నుంచి విమానాశ్రయానికి వెళ్లే మార్గంలో మాత్రం చివరి కిలోమీటరున్నర భూగర్భంలో ఉంది. విమానాశ్రయం స్టేషన్ వచ్చేదీ అక్కడే. అదెలా ఉండాలన్న చర్చ ఇప్పుడే జరగాలి. టెండర్లు పిలిచాక మార్చడానికి ఏమీ మిగలదు.

భూగర్భ స్టేషన్ అంటే ఇంజినీర్లకు కత్తిమీద సామే. ఊట నీటిని ఆపాలి, గాలి ఆడేలా చూడాలి, నిప్పంటుకుంటే జనాన్ని నిమిషాల్లో పైకి చేర్చాలి. ఈ లెక్కలన్నీ తేలి, నిర్మాణమంతా పూర్తయ్యాక గోడలకు నాలుగు బొమ్మలు అతికించడం మనకు అలవాటైపోయింది. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ మెట్రో ఈ వరసను తిరగేసింది. సిరి డెర్కర్ట్, వేరా నిల్సన్ వంటి చిత్రకారులు పట్టుబట్టడంతో 1950లలోనే అక్కడి స్టేషన్లలో కళకు చోటు దక్కింది. 1975లో అక్కడి మెట్రో నీలి మార్గం మొదలయ్యేనాటికి నిర్మాణమే కళగా మారింది. కొండరాతిని పేల్చి తొలిచిన గుహలను పలకలతో కప్పేయకుండా, ఎగుడుదిగుళ్లను అలాగే ఉంచి పైన కాంక్రీటు పిచికారీ చేసి రంగులు వేశారు. కుంగ్‌స్ట్రాడ్‌గార్డెన్ స్టేషన్‌లో ఇప్పటికీ కొన్నిచోట్ల రాయి బయటికే కనిపిస్తుంది, దాని మీదుగా నీరు జారుతుంటుంది.

ఆ మెట్రోకి ప్రధాన స్టేషనైన టి-సెంట్రాలెన్‌లో చిత్రకారుడు పెర్ ఓలోఫ్ ఉల్ట్‌వెట్ తెల్లటి కప్పు మీద నీలిరంగు తీగలూ ఆకులూ అల్లారు. పరుగులు తీసే జనానికి ఆ రంగు కాస్త నెమ్మది ఇస్తుందని ఆయన నమ్మకం. అక్కడే మరో కమాను మీద ఆ స్టేషన్ కోసం చెమటోడ్చిన కార్మికుల నీడబొమ్మలున్నాయి, చేతుల్లో పనిముట్లతో సహా. మన దగ్గర శిలాఫలకం మీద ప్రారంభించిన వారి పేర్లుంటాయి. రాళ్లెత్తిన కూలీల ఊసే ఉండదు. స్వీడన్ నుంచి ఇంకేమీ తెచ్చుకోకపోయినా ఈ ఒక్క మర్యాద తెచ్చుకోవాలి.

హైదరాబాద్ నేల కింద ఉన్నదీ గట్టి రాయే. సుమారు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైట్. నేల పైన ఆ గుట్టల్ని ఒక్కొక్కటిగా పగలగొట్టి కాలనీలు వేసుకున్నాం. ఇప్పుడు నేల కింద తవ్వి, బయటపడిన రాతిని కాంక్రీటు వెనక దాచేసి, పైన ఎక్కడినుంచో తెచ్చిన పాలిష్ పలకలు అతికించడం మనసొప్పే పని కాదు. తవ్వకం పద్ధతిని, రాతి పగుళ్లను బట్టి అన్నిచోట్లా రాయిని తెరిచి ఉంచడం కుదరదన్న మాట నిజమే. భద్రత విషయంలో రాజీ అక్కర్లేదు కూడా. కానీ మెట్లు దిగే దారిలో ఒక్క గోడయినా సాధ్యమా కాదా అన్నది తేల్చాల్సింది భూగర్భ శాస్త్రవేత్తలు. అంతకుముందే డ్రాయింగులు ఖరారు చేసెయ్యకూడదు.

అందుకే ఈ ఒక్క స్టేషన్‌కైనా బహిరంగ డిజైన్ పోటీ పెట్టాలని మెట్రో రైలు సంస్థను కోరుతున్నాం. వాస్తుశిల్పి, ఇంజినీరు, చిత్రకారుడు కలిసిన బృందాలనే అందులోకి అనుమతించాలి. వచ్చిన నమూనాలన్నీ అమీర్‌పేట స్టేషన్‌లో నెల రోజులు ప్రదర్శనకు పెట్టాలి. రోజూ మెట్రో ఎక్కేవాళ్లు చూసి తమ అభిప్రాయం రాసివ్వడానికి అక్కడ వీలుండాలి.