మంచి వకీలు దొరికితే ఉమ్మడి కుటుంబం ఏమైపోవాలి?

ఈ మధ్య ఎవరిని కదిపినా ఒకటే సలహా. వయసు మీద పడుతోందా, నాలుగెకరాలో ఒక ఇల్లో ఉందా, అయితే వారసత్వ వ్యవహారాల్లో చెయ్యి తిరిగిన వకీలు దగ్గరికి వెళ్లి వీలునామా రాయించుకోండి అని. వాట్సాప్‌లో ఇదే, పొద్దున పార్కులో నడిచేవాళ్ల నోట ఇదే. చెప్పేవాళ్లు మంచికే చెబుతుండొచ్చు. కానీ ఈ సలహాని జనం నిజంగా పాటిస్తే తెలుగునాట ఉమ్మడి కుటుంబానికి మిగిలిన ఆఖరి ఆసరా కూడా కూలిపోతుంది. ఆ ఆసరా పేరు సివిల్ కోర్టు.

పంపకాలు శుభ్రంగా జరిగిపోయిన అన్నదమ్ములు ఇప్పుడు ఎక్కడున్నారో చూడండి. ఒకడు కూకట్‌పల్లిలో, ఒకడు డల్లాస్‌లో, చెల్లెలు బెంగళూరులో. సంక్రాంతికి ఫోన్లో ఒక ముగ్గు బొమ్మ పంపించుకుంటారు, అంతే. మా ఇంట్లో అలా కాదు. దావా పుణ్యమా అని మా నాన్న, ఇద్దరు బాబాయిలు, మేనత్త, పెదనాన్న పిల్లలు నెలకో రెండు నెలలకో ఒకసారి తప్పకుండా ఒకచోట చేరతారు. కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద. మాటలుండవు గానీ, ఎవరికి షుగర్ పెరిగింది, ఎవరు చిక్కిపోయారు, ఎవరి కోడలికి నెల తప్పింది, అన్నీ కళ్లతోనే తెలిసిపోతాయి. ఒకసారి అత్తయ్య తెచ్చిన పులిహోర ప్రతివాదుల దాకా వెళ్లింది. గుమాస్తా చేత పంపించారు, నేరుగా ఇస్తే కేసు బలహీనపడుతుందని.

ఇంతటి బంధాన్ని మాకు ఇచ్చి పోయింది మా తాతయ్య. 1988లో ఆయన వీలునామా రాశారు. వకీలు ఎందుకు, డబ్బు దండగ, నాకు తెలియని చట్టమా అన్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. వీలునామాకి స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. చట్టం అడిగేది రాసేవాడి సంతకం, చూసి సంతకం పెట్టే ఇద్దరు సాక్షులు. అర్ధ రూపాయి కాగితంతో మూడు తరాలకి పని కల్పించే పథకం ఏ ప్రభుత్వమైనా పెట్టగలిగిందా?

తాతయ్య ఇద్దరు సాక్షుల్ని ఎంచుకున్నారు. ఇద్దరూ ఆయన చీట్లపేక స్నేహితులు, ఇద్దరూ ఆయన కన్నా పెద్దవాళ్లు. వీలునామా కోర్టుకి ఎక్కితే సాక్షుల్లో బతికున్నవాడు ఒక్కడైనా బోనెక్కి చెప్పాలన్నది నియమం. మా కేసు విచారణకి వచ్చేసరికి ఇద్దరూ వెళ్లిపోయారు. ఇక పోయినవాళ్ల పాత సంతకాల వేట మొదలైంది. సొసైటీ రిజిస్టర్లు, మనవరాలి పెళ్లి కట్నాల పుస్తకం, ఆఖరికి భూతద్దం. అనుభవమున్న వకీలైతే ఏం చేసి ఉండేవాడు? వయసులో చిన్నవాళ్లని, కుదిరితే ఆ ఊరి డాక్టర్నే సాక్షిగా పెట్టించి, ఈయనకి మతి స్థిమితంగా ఉందని ఒక కాగితం కూడా రాయించి పడేసేవాడు. అంతటితో మా కథ మొదటి వాయిదాలోనే ముగిసిపోయేది.

హద్దుల సంగతి ఇంకా గొప్పది. పెదనాన్న వాటాకి తూర్పు హద్దు సర్వే నంబరుతో కాకుండా చింతచెట్టుతో రాశారు. 1990 మే తుపానులో ఆ చింతచెట్టు కూలిపోయింది. అప్పటికి తాతయ్య ఉన్నారు. మార్చి రాయండి నాన్నా అంటే, చెట్టెక్కడుందో అందరికీ తెలుసుగా అన్నారు. ముప్పై ఏళ్లుగా ఆ లేని చెట్టు ఏటా రెండడుగులు అటో ఇటో నడుస్తూనే ఉంది. కోర్టు కమిషనర్ వచ్చి టేపు పట్టుకుని మొద్దు ఎక్కడ అని అడిగితే నలుగురు నాలుగు దిక్కులు చూపించారు.

అన్నిటికన్నా పెద్ద ఉపకారం మరొకటి. తాతయ్య తన స్వార్జితంతో పాటు పిత్రార్జితం మొత్తాన్నీ కలిపి రాసేశారు. స్వార్జితం ఎవరికైనా రాయొచ్చు. పిత్రార్జితంలో తన వాటా వరకే రాసే హక్కు. వకీలన్నవాడు కుర్చీలో కూర్చోబెట్టి మొదట అడిగే ప్రశ్న ఇదే. అందుకే చెబుతున్నాను, ప్రశ్నలు అడిగే వకీలుకి దూరంగా ఉండండి. ఆస్తి మీదాకా చేతులు మారి వచ్చిన పాత కాగితాలు, అవే లింకు డాక్యుమెంట్లు ఏవి, ఆస్తి మీద తాకట్లూ అమ్మకాలూ చూపించే ఈసీ తీశారా, ఆడపిల్లలెంతమంది, మీ అమ్మగారు ఉన్నారా అని గుచ్చి గుచ్చి అడుగుతాడు. వీలునామా లేకుండా మగవాడు పోతే భార్యాబిడ్డలతో సమానంగా తల్లికీ వాటా ఉంటుందని, తండ్రి మాత్రం తర్వాతి వరుసలో నిలబడతాడని అతను చెబితే ఇంట్లో అనవసరంగా తల్లి పలుకుబడి పెరుగుతుంది. బ్యాంకులో నామినీగా చిన్న కొడుకు పేరు రాశాం కాబట్టి డబ్బు వాడిదే అనుకుని మీరు హాయిగా నిద్రపోతుంటారు. నామినీ డబ్బు తీసుకునేవాడే గాని సొంతదారు కాడని బీమా పాలసీ విషయంలో సుప్రీంకోర్టు 1983లోనే తేల్చిందని చెప్పి ఆ నిద్ర చెడగొడతాడు. ఇలాంటివాళ్లకా ఫీజు ఇచ్చేది?

నిజమైన మన వకీలు వేరే ఉంటాడు. తోడల్లుడి బావమరిది. యాక్సిడెంటు కేసులు చూస్తుంటాడు. ఒక్క ప్రశ్న అడగడు. “అంతా నేను చూసుకుంటా బాబాయ్” అంటాడు. ప్రొబేట్ అంటే ఏంట్రా అని అడిగితే, మద్రాసు వాళ్ల జబ్బు అది, మనకి రాదు అంటాడు. పాపం అందులోనూ సగం నిజం ఉంది. చెన్నై, ముంబై, కోల్‌కతా నగరాల్లో హిందువుల వీలునామాలకి, ఇది నిజమైనదేనని వేసే ఆ కోర్టు ముద్ర తప్పనిసరి అన్న నియమం చాలాకాలం నడిచింది. మన జిల్లాల్లో అది లేదు. లేకపోయినా మనకేం లోటు రాలేదు. వీలునామా నిజమేనా అన్న ముక్క దావాలోనే తీరిగ్గా తేల్చుకుంటున్నాం.

ఇక అత్తయ్య వాటా. ఎన్టీ రామారావు ప్రభుత్వం ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకి సమాన హక్కు ఇచ్చింది. చట్టం 1986లో వచ్చినా 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. ఆ తేదీకి ముందే పెళ్లయిన వాళ్లకి మాత్రం లేదు. అత్తయ్య పెళ్లి సరిగ్గా ఆ శ్రావణంలో. మా బాబాయి దాచిన శుభలేఖలో ఆగస్టు తేదీ. మగపెళ్లివారికి మైల వచ్చి ముహూర్తం సెప్టెంబరుకి జరిపారని అత్తయ్య. పురోహితుడు లేడు, ఫొటోల మీద తేదీ లేదు. నాదస్వరం వాయించినాయన్ని వెతికి పట్టుకొస్తే ఆయనకి భోజనంలో గుత్తివంకాయ మాత్రమే గుర్తుంది. దీని మీదే పదేళ్లు గడిచాయి. 2005లో కేంద్ర చట్టం మారి పెళ్లి తేదీతో పనే లేకుండా పోయింది, అత్తయ్య లేచి కూర్చున్నారు. 2015లో, సవరణ వచ్చేనాటికి తండ్రి బతికుండాలని సుప్రీంకోర్టు అంది, కూలబడ్డారు. 2020లో వినీతా శర్మ కేసులో అక్కర్లేదంది, మళ్లీ లేచారు. ఈ మధ్యలో పెదనాన్న పోయారు. పదకొండో రోజు కర్మ, పోయినాయన బదులు వారసుల్ని కేసులో చేర్చమని తొంభై రోజుల్లోపు ఎల్లార్ పిటిషన్, రెండూ శాస్త్రోక్తంగా జరిపించాం. ఆస్తి సంగతి ఇంకా తేలలేదు గానీ కేసు మాత్రం ఆయన పిల్లలకి చక్కగా వారసత్వంగా వచ్చింది.

మాదేదో పెద్ద చరిత్ర అనుకోకండి. హైదరాబాదులో నిజాం కాలపు నవాబు ఖుర్షీద్ జా పైగా ఆస్తుల పంపకం దావా నంబరు 14, సంవత్సరం 1958. ఎవరి వాటా ఎంతో చెప్పే ప్రాథమిక డిక్రీ 1963లో వచ్చింది. ఆ డిక్రీ మీద సుప్రీంకోర్టు 2023లో కూడా తీర్పు రాయాల్సి వచ్చింది. 1948లో లండన్ బ్యాంకులో పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాలో పడిన నిజాం తాలూకు పది లక్షల చిల్లర పౌండ్ల కథ తెలుసు కదా. భారతదేశం, పాకిస్తాన్, నిజాం మనవలు కొట్టుకుంటుంటే డబ్బు కదలకుండా కూర్చుంది. 2019లో తీర్పు వచ్చేనాటికి అది మూడున్నర కోట్ల పౌండ్లు. నిజాం ఆ రోజే మంచి వకీలుని పిలిచి ఎవరికెంతో రాసి పారేసి ఉంటే, ఆ పది లక్షలు నాలుగు పెళ్లిళ్లకి ఖర్చయిపోయేవి. ఇంత రాబడి ఇచ్చే మ్యూచువల్ ఫండ్ ఏదో చెప్పండి, నేనూ చేరతాను.

పోయిన నెల వాయిదాలో ఒక గండం గడిచింది. అత్తయ్య తరఫున కొత్తగా వచ్చిన వకీలమ్మ ఫైలంతా చదివేశారు. అసలు చదివారు! రెండు పేజీల కాగితం తయారుచేసి, ఇలా పంచుకుంటే అందరికీ సరిపోతుంది, రాజీకి వస్తారా అని అడిగారు. చూస్తే లెక్క బాగానే ఉంది. వేపచెట్టు కింద అందరి మొహాలూ పాలిపోయాయి. చిన్న బాబాయి మెల్లగా, “మరి మనం మళ్లీ ఎప్పుడు కలుస్తాం?” అన్నాడు. ముప్పై ఏళ్లలో ఆయన మా నాన్నతో నేరుగా మాట్లాడిన మొదటి మాట అది. అదృష్టవశాత్తూ ఆ రోజు జడ్జి గారు సెలవులో ఉన్నారు.

ఇంటికొచ్చాక నాన్న నన్ను పిలిచి నాలుగు తెల్లకాగితాలు తెమ్మన్నారు. ఆ వకీలమ్మ దగ్గరికి వెళ్దామా నాన్నా, ఫీజు నేనిస్తాను అన్నాను. “వద్దురా. రేపు నేను పోయాక నీకూ చెల్లెలికీ రాకపోకలుండాలి కదా” అన్నారు. కళ్లజోడు సర్దుకుని, తూర్పు హద్దు దగ్గర మామిడిచెట్టు అని రాశారు.